పీహెచ్‌పీ వేరియబుల్స్: మార్కులు పోయేది ఎక్కడంటే

శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) నిర్వచనం మీద గంటలు పెట్టకండి. పేరు ముందు డాలర్ గుర్తు, తర్వాత అక్షరమో అండర్‌స్కోరో ఉండాలి, అంకె ఉండకూడదు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వేరియబుల్ పేర్లకు ఉంది, ఫంక్షన్ (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్క) పేర్లకు లేదు. అంతే. మార్కులు పోయేది ‘అవుట్‌పుట్ ఎంత’ అనే బిట్ల దగ్గర.

పలాస జీడిపప్పు కిలో 900 అనుకుందాం. $ధర = 900; అని బయట రాశారు. కింద బిల్లు() అనే ఫంక్షన్లో $ధరని ఎకో చేశారు, అంటే తెరపై చూపించమన్నారు. చాలామంది 900కి టిక్కు పెట్టేస్తారు. కానీ ఆ 900 రాదు. ఫంక్షన్‌ లోపల $ధర అంటే దాని సొంత $ధర. దానికింకా విలువే ఇవ్వలేదు. లోపల మొదటి లైన్లో గ్లోబల్ $ధర; అని రాయాలి, లేదా ధరను ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్ని పిలిచేటప్పుడు ఇచ్చే విలువగా) పంపాలి. రాయకపోతే పీహెచ్‌పీ 8లో వార్నింగ్, 7లో నోటీస్ వస్తుంది. ఆప్షన్లలో రెండూ ఉంటే ప్రశ్నలో వెర్షన్ వెతకండి. (అన్నట్టు, ఇలా తెలుగులో పేర్లు పెట్టినా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. పరీక్ష పేపర్లో మాత్రం ఆ సరదా వద్దు.)

ఇఫ్, ఫర్ బ్లాకుల సంగతి వేరు. వాటికి విడి స్కోప్ (వేరియబుల్ చెల్లే పరిధి) లేదు. జావాస్క్రిప్ట్ అనే మరో భాషలో, బ్లాకు లోపలే చెల్లే లెట్ వేరియబుల్స్‌కి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే జారతారు. $క 0తో మొదలై, $క < 3 అన్నంతసేపు ఒక్కొక్కటి పెరుగుతూ లూప్ తిరిగిందంటే, బయటికొచ్చాక $క విలువ 3. 2 కాదు. 3 అయ్యాకే కదా షరతు తప్పింది!

ప్లస్సుకీ చుక్కకీ తేడా చూడండి: "10" + "5" అంటే 15, "10" . "5" అంటే 105. జావాస్క్రిప్ట్‌లో ఆ ప్లస్సే 105 ఇస్తుంది. అందుకే రెండు భాషలూ ఒకే రోజు చదవొద్దంటాం. డబుల్ కోట్స్‌లో "$ధర" అంటే 900 పడుతుంది, సింగిల్ కోట్స్‌లో '$ధర' అన్న అక్షరాలే పడతాయి.

స్టాటిక్ (ఫంక్షన్ ముగిసినా విలువ నిలిచే వేరియబుల్) బిట్‌కి రఫ్ షీట్ వాడండి. ఒక్కో వేరియబుల్‌కి ఒక్కో కాలమ్. ఫంక్షన్ని పిలిచిన ప్రతిసారీ లోకల్ కాలమ్‌లు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. స్టాటిక్ $లెక్క = 0; అని ఉంటే ఆ ఒక్క కాలమ్ కొట్టేయకూడదు. ఒకటి పెంచి ఎకో చేసే ఫంక్షన్ని మూడుసార్లు పిలిస్తే 1, 2, 3 వస్తాయి. స్టాటిక్ తీసేస్తే 1, 1, 1.

ల్యాప్‌టాప్ లేదని ఆగక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ అనే యాప్ (కమాండ్లు టైప్ చేసే టెర్మినల్) వేసి పీహెచ్‌పీ ప్యాకేజీ దించుకుంటే విజయనగరం బస్సులో కూర్చునే ఇవన్నీ నడిపి చూడొచ్చు. జవాబు కాగితం మీద రాసుకున్నాకే రన్ చేయండి.