గాజుల చప్పుడు

ఆదివారం. రాత్రి పదిన్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. కాళ్ళు లాగేస్తున్నాయి కానీ, ఈ రోజు సంగతి రాయకుండా పడుకుంటే తెల్లారేసరికి సగం మర్చిపోతానని కూర్చున్నాను.

పొద్దున ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకుని ఎనిమిదిన్నరకు సెంటర్ తాళం తీశాను. మా సెంటర్ అంటే, వీడియో తీయడం, ఎడిటింగ్ నేర్పే చోటు, కర్నూలు వన్‌టౌన్‌లో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళేంత దూరంలో, మిద్దె మీద రెండు గదులు. కింద పిండిమర. అది ఆడుతున్నంతసేపూ మేం మైకులు బయటికి తీయం. రెండు సెకండ్‌హ్యాండ్ కెమెరాలు, మూడు స్టాండ్లు, ఒక రికార్డర్, నాలుగు కాలర్ మైకులు, ఎడిటింగ్‌కు ఒక కంప్యూటర్. అందులో ఉచితంగా దొరికే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఇదే మా ఆస్తి. ఏడుగురం కలిసి సొసైటీగా రిజిస్టర్ చేయించుకున్నాం. లాభాలు పంచుకునే పని కాదు కాబట్టి వచ్చిన ప్రతి రూపాయీ అద్దెకు, కరెంటుకు, రిపేర్లకు పోతుంది.

ఎనిమిది ఆదివారాల కోర్సుకు ఫీజు వెయ్యి రూపాయలు. ఒకేసారి కట్టక్కర్లేదు. కట్టలేనివాళ్ళు షూటింగుల్లో మాకు సాయం పడితే చాలు. మొదట్లో పూర్తిగా ఉచితంగా పెడదామని మాలో ఇద్దరు పట్టుబట్టారు. మొదటి బ్యాచ్ అలాగే పెట్టాం. మూడో ఆదివారానికి నలుగురు మిగిలారు. డబ్బు కట్టించుకున్నాక ఎవరూ మానడం లేదు. పైగా "ఇది నాకు సరిగ్గా చెప్పలేదు, మళ్ళీ చెప్పండి" అని అడుగుతున్నారు. అలా అడగడమే నాకు కావాలి. ఇదే పని హైదరాబాద్‌లో నేర్చుకోవాలంటే ఫీజులు లక్షల్లో ఉంటాయి, పైన హాస్టల్ ఖర్చు. సీమలో ఎంతమంది పిల్లలు ఆ మాట దగ్గరే ఆగిపోయారో నాకు తెలుసు. నేనూ అక్కడే ఆగి, పెళ్ళి వీడియోల్లో పడ్డాను. పన్నెండేళ్ళు తీశాను.

ఈ బ్యాచ్‌లో పదకొండు మంది. రైతుబజార్‌లో కూరగాయలు అమ్మే అన్న ఒకాయన ఉన్నాడు, ఒక ఆశా వర్కర్ అక్క ఉంది, మిగతావాళ్ళు ఎక్కువమంది డిగ్రీ పిల్లలు. ఈ రోజు ఆరో ఆదివారం. తీసుకొచ్చిన ఫుటేజీ అందరం కలిసి చూసే రోజు.

మొదట ఒక డిగ్రీ అబ్బాయి తెచ్చింది పెట్టాం. వాళ్ళ నాన్న టైలర్ షాపులో రాత్రిపూట ఫోన్‌తో తీశాడు. గోడ మీద నల్లటి చారలు పాకుతున్నాయి. వాడి ముఖం వాడిపోయింది. ఫోన్ చెడిపోయిందనుకున్నాడు పాపం. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది, ఫోనేమో సెకనుకు 30 ఫ్రేములు తీస్తోంది, రెండు లెక్కలూ కుదరక చారలొస్తాయి అని బోర్డు మీద గీసి చూపించాను. 25 ఫ్రేములు, షటర్ 1/50, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడేది సెకనులో యాభయ్యో వంతు, పెట్టుకుని మళ్ళీ తీయమన్నాను. అక్కడికక్కడే మా ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసుకున్నాడు. చారలు పోయాయి. వాడి ముఖం వెలిగింది.

తర్వాత కోసిగి వైపు నుంచి వచ్చే అమ్మాయి వంతు.

ఈ పిల్ల గురించి కొంచెం వివరంగా రాయాలి. ప్రతి ఆదివారం చీకట్లోనే బయలుదేరి, ఎమ్మిగనూరు మీదుగా బస్సులు మారి వస్తుంది. ఒక్క ఆదివారం కూడా మానలేదు. తను తీస్తున్నది సుగ్గి గురించి. మా జిల్లా పడమటి మండలాల్లో ఈ మాట అందరికీ తెలుసు. వానలు మోసం చేసిన ఏడాది, అప్పు తీర్చే దారి లేక, కుటుంబాలకు కుటుంబాలు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. మూటలు, చిన్నపిల్లలు, వంట గిన్నెలతో సహా. ఊర్లో మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళకు అప్పజెప్పిన బడి పిల్లలు. చిన్నప్పుడు తనూ వాళ్ళమ్మ వెంట రెండేళ్ళు పోయింది. ఆ రెండేళ్ళూ బడి లేదు. మిరప ఘాటుకు రాత్రిళ్ళు చేతులు మంటపుట్టి నిద్ర పట్టేది కాదని మొదటి రోజే చెప్పింది. చెప్పి, "అది మాత్రం సినిమాలో పెట్టను సార్" అంది. ఎందుకని నేను అడగలేదు.

పోయిన వారం వాళ్ళ అవ్వతో మాట్లాడించి రికార్డ్ చేసి తెచ్చింది. బొమ్మ బాగుంది, మాట పాడైపోయింది. అవ్వ రెండు చేతులా మోచేతి దాకా మట్టిగాజులు. చెయ్యి ఎత్తినప్పుడల్లా మైకులో గ్లాసు పగిలినంత చప్పుడు, దాని కింద మాట మునిగిపోయింది. నేను ఆలోచించకుండా, "ఈసారి గాజులు తీయించి పక్కన పెట్టించమ్మా, పది నిమిషాల పనే కదా" అన్నాను. ఆ పిల్ల తలూపింది. ఏమీ మాట్లాడలేదు.

ఈ రోజు కొత్త ఫుటేజీ పెట్టింది. అవ్వ చేతికి గాజులు గాజుల్లాగే ఉన్నాయి. మాట మాత్రం మంచినీళ్ళంత తేటగా వినిపిస్తోంది. ఎలా చేశావమ్మా అని అడిగితే కాసేపు తటపటాయించి చెప్పింది.

"గాజులు తీయమని అడగనీకి నాకు నోరు రాలేదు సార్. తాత పక్కనే కూర్చోనుండాడు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆశా అక్క నా వైపు చూసింది. పన్నెండేళ్ళు పెళ్ళిళ్ళు తీసినవాణ్ణి. ముత్తైదువ చేతికి గాజులంటే ఏమిటో, తాత బతికుండగా అవ్వను చేతులు బోసి చేసుకోమంటే ఆ ఇంట్లో ఎంత బాధ కలుగుతుందో నాకు తెలియక కాదు. సౌండ్ మీద ధ్యాసలో మనిషిని మర్చిపోయాను. అందరి ముందూ ఆ మాట ఒప్పుకున్నాను. "నేను చెప్పింది తప్పమ్మా, నువ్వు చేసిందే సరైన పని" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది.

తను చేసింది ఇదీ. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి, ఒళ్ళో చాటలో బియ్యం పోసి, చేతులు రెండూ ఆ బియ్యం మీద ఆనించుకోమంది. బియ్యం మీద చేతులు కదలవు, గాజులు మోగవు. అలా మాటలు మొత్తం రికార్డ్ చేసుకుంది. సాయంత్రం అవ్వ జొన్నరొట్టె తట్టేటప్పుడు కెమెరా విడిగా పెట్టి, ఈసారి మైకు చేతుల దగ్గరికే తెచ్చి, గాజుల చప్పుడు కావాలని పట్టింది. తట్టినప్పుడల్లా పిండి మీద అరచెయ్యి, వెంటనే గాజులు. తప్, గల్. తప్, గల్. ఎడిటింగ్‌లో ఆ చప్పుడును అవ్వ మాటల మధ్య ఖాళీల్లోకి తెచ్చింది. వినపడీ వినపడనట్టు ఉంచింది. మాటను, శబ్దాన్ని విడివిడిగా పట్టి తర్వాత కలపడం నేను ఎనిమిదో వారంలో చెప్పే పాఠం. తను అవ్వ మీద గౌరవంతో ఆరో వారానికే కనుక్కుంది.

అవ్వ చెప్పిన మాట ఒకటి ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. "అందరూ పోయినంక ఊర్లో కుక్కలకు గూడా మనుషుల వాసన మర్సిపోతాదబ్బా. సుగ్గి నుంచి తిరిగొస్తే మనోళ్ళనే జూసి మొరుగుతాయి."

ఆ మాట తర్వాత తాళాలు వేసిన తలుపులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఏడు తలుపులు. ఒక్కో తలుపు దగ్గర కెమెరా ఎనిమిది సెకన్లు కదలకుండా ఆగుతుంది. ఒక తాళం మీద చిన్న పసుపు బొట్టు ఉంది. దానికి కుంకుమ కూడా పెట్టి పోయారు ఎవరో. నేను అది మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఇంకో సంగతి గమనించాను. అవ్వను తీసిన ప్రతి షాట్‌లో కెమెరా సరిగ్గా అవ్వ కళ్ళ ఎత్తులోనే ఉంది. అరుగు మీద ఉంటే అరుగు ఎత్తు, నేల మీద ఉంటే నేల ఎత్తు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదంది, అవ్వతో మాట్లాడాలంటే కూర్చోవాలి కదా సార్ అంది. అప్పుడు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ళ గురించి చెప్పాను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళ సంఘాల్లోని దళిత రైతు మహిళలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్ళు, కెమెరా నేర్చుకుని సొంతంగా సినిమాలు తీశారు. షాట్లకు పేర్లు కూడా వాళ్ళే పెట్టుకున్నారు. కళ్ళకు కళ్ళు సమానంగా ఉండేది సంఘం షాట్. 2008లో వాళ్ళే సంఘం రేడియో కూడా మొదలుపెట్టారు. మా క్లాసులో ఇక నుంచి ఐ లెవెల్ అనే మాట బంద్. అది సంఘం షాట్, అంతే.

కూరగాయల అన్న ఊరుకోలేదు. "ఇంత బాగా తీసి యాడ చూపిస్తాం సారూ? మన్ని ఎవురు జూస్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. సినిమా వ్యాపారంలో మన ప్రాంతానికి ఇప్పటికీ సీడెడ్ అనే పేరు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు ధారాదత్తం చేసిన జిల్లాలు అని ఆ మాటకు అర్థం. 1928లోనే నంద్యాల సభలో రాయలసీమ అని మంచి పేరు పెట్టుకున్నాం. అయినా సినిమావాళ్ళకు మనం సీడెడ్ వసూళ్ళమే. తెర మీద చూపిస్తే వేటకొడవళ్ళు, పేలిపోయే సుమోలు, మా బురుజు ముందు ఫైటింగులు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. బి.ఎన్.రెడ్డిది కడప జిల్లా, కె.వి.రెడ్డిది తాడిపత్రి. తెలుగు సినిమాకు పునాది వేసిన పెద్దలు పుట్టిన నేల ఇది. సుగ్గికి పోయే ఊరి తాళం ఒక్కటైనా తెర మీద కనపడదు.

అన్నకు ఓర్వకల్లు సంగతి చెప్పాను. రోజూ ఆ దారిన పోయే బస్సులు మా పిల్లలు ఎక్కుతారు కానీ చాలామందికి తెలియదు. అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్ళు 2002లో మన రేడియో అని చిన్న ట్రాన్స్‌మిటర్‌తో నడిపారు. చుట్టుపక్కల వినిపించేంత రేడియో. లైసెన్స్ లేదని 2003లో ఆపించేశారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా మనలాంటి సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశం 2006లో గానీ రాలేదు. ఓర్వకల్లు అక్కలు నాలుగేళ్ళు ముందున్నారు. మనం ఎక్కడ చూపిస్తామంటే, ముందు ఆ ఊర్లోనే, ఆ అరుగు ముందే తెల్లదుప్పటి కట్టి చూపిస్తాం అన్నాను. ప్రొజెక్టర్ అద్దెకు తెస్తాం. కూరగాయల అన్న వెంటనే తన ఆటో ఇస్తానన్నాడు. ఆశా అక్క, జనరేటర్ ఎవరినడగాలో నాకు తెలుసు అంది.

మధ్యాహ్నం రెండింటికి పిండిమర ఆపారు. అదే అదనని అందరితో గది శబ్దం, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే చప్పుడు, రికార్డ్ చేయించాను. ముప్పై సెకన్లు ఎవరూ కదలకూడదు. ఫ్యాన్ తిరుగుతోంది, దూరంగా బస్సు హారన్, ఎవరి ఇంట్లోనో కుక్కర్ విజిల్. ముప్పై సెకన్లు అంత పొడవని తెలియదు సార్ అన్నాడు టైలర్ గారబ్బాయి.

అందరూ వెళ్ళాక ఆ పిల్ల మాత్రం ఆగింది. ఉగాదికి ఊర్లోవాళ్ళు కొందరు తిరిగొస్తారంట. తాళాలు తీసేటప్పుడు తీయాలంది. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి కెమెరా తన దగ్గరే ఉండాలి, ఫోన్‌లో అయితే తెల్లవారుజామున చీకట్లో సరిగా రాదు అంది.

కెమెరా టౌన్ దాటి పోకూడదని రూలు మేమే పెట్టుకున్నాం. ఉన్నవే రెండు. ఒకటి పాడైతే మళ్ళీ కొనే స్తోమత లేదు. మిగతా ఆరుగురిలో నలుగురికి ఫోన్ చేశాను. ముగ్గురు సరే అన్నారు. ఒకాయన మాత్రం, పోతే ఎవరు పూచీ అన్నాడు. నేనే అన్నాను. ఆ మాట అన్నందుకు రాత్రి దాకా కొంచెం టెన్షన్‌గానే ఉంది.

రిజిస్టర్ తీసి ఇద్దరం రాసుకున్నాం. కెమెరా ఒకటి, బ్యాటరీలు రెండు, చార్జర్ ఒకటి, కాలర్ మైకు ఒకటి, స్టాండ్ ఒకటి. కెమెరాను తన చున్నీలో చుట్టి, బ్యాగులో జొన్నరొట్టెల డబ్బా పక్కన పెట్టుకుంది. ఆ డబ్బా అవ్వ నాకు పంపింది. అది బయటికి తీసి నా చేతిలో పెట్టి, ఖాళీ అయిన చోట స్టాండ్ కాళ్ళు సర్దింది.

తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది. ఇల్లు చేరింది. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేసిందంట. తాళంచెవి అవ్వ కొంగుకు కట్టుకుందంట. రిజిస్టర్‌లో తిరిగి ఇచ్చే తేదీ గడిలో "ఉగాది అయినాక" అని రాసింది. తేదీ వేయమని నేను చెప్పలేదు.