పది రూపాయల నోటు

"ఇందులో మన మాట ఎక్కడుంది?" దేవరకొండ బస్సులో పక్క సీటు పాప పది రూపాయల నోటు నా ముందు పెట్టింది.

వాళ్ల అవ్వ అప్పుడే కిటికీలోంచి జామకాయలకు ఉర్దూలో బేరమాడి, నన్ను తెలుగులో కాస్త జరగమని, పాపను లంబాడీలో కసిరింది. మూడు భాషలు, రెండు నిమిషాలు. నాకు రెండున్నర వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటాయి!

నోటు వెనక వరుసలో పదిహేను భాషలున్నాయి. అట్టడుగున ఉర్దూ, దానిపైన తెలుగు. చూపించాను.

"అది బడి మాట. యాడితో, అదే మా అమ్మతో, మాట్లాడేది?"

2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షల పైనే. వాళ్లందరినీ హిందీ పద్దులో కలిపేశారు. ఆ సంగతి పాపకెలా చెప్పను?

అవ్వ నోటు లాక్కుని జామకాయలవాడికి ఇచ్చేసింది.