గోర్నెర్‌గ్రాట్ మీద పనోరమా తీయబోయి…

స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ అనే ఊళ్లోకి పెట్రోల్ కార్లు రానివ్వరు, అందుకని టేష్‌లో కారు వదిలేసి షటిల్ రైలెక్కాం, జెర్మాట్‌లో మళ్లీ ఇంకో రైలు. 1898లో మొదలైన, రంపంలా పళ్లున్న పట్టా పట్టుకుని కొండెక్కే రైలు అది, అరగంట పైన పడుతుంది, తీసుకెళ్లి 3089 మీటర్ల ఎత్తున గోర్నెర్‌గ్రాట్ కొండ మీద దింపేస్తుంది. పైన వ్యూ పాయింట్ దగ్గర పొడుగాటి పనోరమా బోర్డు, కొండలన్నీ వరసగా, ఒక్కోదానికి పేరు, ఎత్తు. మా ఆవిడ బోర్డు మీద వేలు పెట్టడం, తలెత్తి చూడటం, "ఇదేనా మాంటె రోజా? మంచు కుప్పలా ఉందేంటి?" అనడం. నిజమే పాపం, స్విట్జర్లాండ్‌లో అన్నిటికంటే ఎత్తు అదే, 4634 మీటర్లు, కానీ ఫొటోలన్నీ 4478 మీటర్ల మాటర్‌హార్న్‌కే.

సరే, అలాంటి బోర్డు మన ఇంట్లో గోడకి ఉండాలని నా పిచ్చి. కెమెరా నిలువుగా పట్టుకుని, ఒక్కో ఫొటోకీ మూడో వంతు ఓవర్‌ల్యాప్ ఇస్తూ ఎడమ నుంచి కుడికి తిరుగుతూ 14 కొట్టా, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టా, మంచుని కెమెరా బూడిద రంగు చేసేస్తుందని ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువే ఇచ్చా, అన్నీ గుర్తున్నాయి, ఆకాశం నీలంగా రావాలని లెన్స్‌కి పెట్టుకున్న పోలరైజర్ ఫిల్టర్ తీయడం ఒక్కటే మర్చిపోయా.

రూముకెళ్లి ఫొటోలన్నీ ఒకటిగా స్టిచ్ చేస్తే బ్రైట్‌హార్న్ కొండ నెత్తి మీద ఇంత నల్ల మచ్చ, సిరా బుడ్డి ఒలికినట్టు. సూర్యుడికి సరిగ్గా 90 డిగ్రీల పక్కనున్న ఆకాశం మీదే ఆ ఫిల్టర్ గట్టిగా పనిచేస్తుంది, వెడల్పు ఫొటోలో ఆ ముక్క ఒక్కటే నల్లబడుతుంది. 1882లోనే విత్తోరియో సెల్లా అనే ఇటలీ ఆయన మాటర్‌హార్న్ నెత్తినెక్కి గాజు ప్లేట్ల మీద పనోరమా తీశాడు, నేనేమో రైల్లో కూర్చుని వెళ్లి కూడా చెడగొట్టుకున్నా.

మర్నాడు మళ్లీ టికెట్, ఇద్దరికీ, రేటు అడక్కండి. పొద్దున మొత్తం మబ్బు, బోర్డు మీద తప్ప కొండ కనిపిస్తే ఒట్టు. కాఫీల మీద కాఫీలు తాగుతూ కూర్చున్నాం, పదకొండున్నరకి తెర తీసినట్టు ముందు లిస్కమ్ కొండ, తర్వాత కాస్టర్, పొలక్స్ కొండలు. ఈసారి ఫిల్టర్ జేబులో. చలికి బ్యాటరీ పడిపోతుంటే తీసి చంకలో వెచ్చబెట్టి మళ్లీ వేసి, మొత్తానికి రెండు రౌండ్లు పూర్తి చేశా.

ఆరడుగుల ప్రింట్ ఇప్పుడు హాల్లో ఉంది. పొలక్స్ కింద రైలింగ్ పక్కన ఎర్ర జాకెట్ ఆయన రెండు ఫ్రేముల మధ్య నడిచేశాడు, ఆయనకి మూడు కాళ్లు.