వయ్యారిభామతో ఆదివారం

పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి ఊరికి చేరేసరికి అమ్మ పాల గ్లాసు చేతిలో పెట్టి "తాగి చూడు" అంది. గొంతు దిగాక నాలిక మీద సన్నగా చేదు. "నాలుగు రోజుల్నించీ ఇదే వరస. పాలకేంద్రంలో వద్దంటారేమోనని టెన్షన్‌గా ఉంది."

గేదెలు మామూలుగా వయ్యారిభామ అనే ఈ కలుపుమొక్క జోలికి పోవు. గడ్డి కరువైతే మాత్రం పచ్చగా కనబడ్డదల్లా నమిలేస్తాయి. ఆ చేదే పాలలోకి దిగుతుంది.

బీడులోకి వెళ్ళి చూస్తే కలుపు అంతటా లేదు. ఇక్కడో చాప, అక్కడో చాప పరిచినట్టు గుండ్రంగా ఉంది. కాసేపటికి వెలిగింది. ఎండాకాలంలో ట్రాక్టరు పెంట కుప్పలు దింపిన చోట్లవి! పోయినేడు పూత మీదున్న మొక్కల్ని పీకి, ఆ పెంటపోగులోనే పారేసింది నేనే. ఒక్కో మొక్కకి పదిహేను, పాతిక వేల గింజలు కాస్తాయి. అంటే నా చేత్తో నేనే జల్లానన్నమాట.

రాత్రి వాన పడటం నయమైంది. నేల నానింది కాబట్టి మొదలు పట్టుకుని లాగితే తల్లివేరుతో సహా వచ్చేస్తోంది. గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా వేసుకునే దిగాను. బాబాయి గట్టు మీంచి "ఇంత చాకిరీ ఎందుకురా, గ్లైఫోసేట్ కలుపుమందు కొట్టేస్తే పోలా?" అన్నాడు.

"గడ్డీ పోద్ది బాబాయ్. అప్పుడు గేదెలేం తింటాయి?"

ఒక మొక్క ఆకులు జల్లెడలా ఉన్నాయి. తిప్పి చూస్తే మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ గీతలున్న చిన్న పెంకుపురుగు. ఈ కలుపుని తినడానికని 1980ల్లో మెక్సికో నుంచి బెంగళూరుకి తెప్పించిన పురుగు ఇదే. ఆ మొక్కని పీకబుద్ధి కాలేదు, పూత కూడా లేదు, వదిలేశాను. మిగతా వాటికి అన్ని పురుగులు ఎక్కడివి?

పూత రానివి గుంటలో వేశాను. నూకలు చల్లినట్టు తెల్లగా పూసినవి మాత్రం గోతంలో కుక్కి, ఎండాక తగలబెట్టడానికి విడిగా పెట్టాను. ఈ దిక్కుమాలిన మొక్కకి అంత ముద్దు పేరు ఎవరు పెట్టారో!

సాయంత్రానికి మెడంతా దురద. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే పెంటపోగు సంగతి చెప్పేశాను.

"అప్పుడే చూశాన్లే" అంది. "వచ్చే ఆదివారం కూడా రా. చెరువు వైపు సగం అలాగే ఉంది."