తాడు కట్టనిదే కూత వద్దు

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో రెఫరీగా నిలబడేవాళ్లకు ఒక మాట: చాలా గొడవలకు మూలం కోర్టు చుట్టూ తాడు లేకపోవడమే. పొద్దున దూరంగా నిలబడ్డ జనం సెమీఫైనల్ వేళకు ఎండ్ లైన్ మీదికి వచ్చేస్తారు. సున్నం గీత చెప్పుల కింద చెరిగిపోతుంది. డిఫెండర్ మడమ గీత దాటిందో లేదో అంపైర్‌కే కనబడదు. ఆ ఒక్క పాయింటు మీదే రెండూళ్లూ లేస్తాయి. గీతల నుంచి కనీసం మూడు మీటర్లు వదిలి, సరుగుడు కర్రలు పాతి తాడు కట్టేదాకా ఆట మొదలుపెట్టకండి.

కేకలు, డప్పులు ఆటలో భాగం, పట్టించుకోవద్దు. ఆటగాణ్ని కులం పేరుతో తిట్టినా, సీసా పడినా, ఒక్కడు కోర్టులో కాలు పెట్టినా మాత్రం ఆపాల్సిందే. బయటివాళ్ల వల్ల ఆటంకం కలిగితే అఫీషియల్ టైమవుట్ ఇచ్చే, అంటే ఆటను కాసేపు ఆపే హక్కు నిబంధనల్లోనే ఉంది. ఈల ఊదగానే గడియారం ఆపించండి. స్కోరు, మిగిలిన సమయం, కూత ఎవరిది, కూతకుండే 30 సెకన్లలో ఎన్ని గడిచాయి, ఔటైనవాళ్లు ఏ వరుసలో కూర్చున్నారు, అన్నీ స్కోరర్ చేత అక్కడికక్కడే రాయించండి. చాలామంది పొరబడేది ఇక్కడే. వరుస రాసుకోకపోతే, ఆట తిరిగి మొదలయ్యాక ముందు ఎవరు లోపలికి రావాలన్న దానిమీద ఇంకో తగువు పుడుతుంది.

రెఫరీ జనం దగ్గరికి వెళ్లకూడదు, వేలు చూపించకూడదు. ఇద్దరు కెప్టెన్లనూ, కమిటీ పెద్దనూ పిలిచి చెప్పాలి. బయటికి పంపడం వాలంటీర్ల పని, పోలీసుల పని. మైకులో ఊరి పేరెత్తితే ఊరంతా మీద పడుతుంది, "తూర్పు వైపు తాడు దగ్గరున్నవాళ్లు" అంటే చాలు.

2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాద్ సిరాజ్‌ను ప్రేక్షకులు దూషించినప్పుడు మాట కెప్టెన్ రహానే ద్వారా అంపైర్లకు చేరింది. ఆట ఆపి, కొందరిని బయటికి పంపాకే మళ్లీ మొదలుపెట్టారు. దూషణ నిజమేనని విచారణలో తేలింది గానీ, చేసిందెవరో తేలలేదు. అంతటి స్టేడియంలోనే అలా జరిగితే పొలం మధ్య కోర్టులో ఎంత జాగ్రత్త కావాలి! తిట్టినవాడి చొక్కా రంగు, నిలబడ్డ చోటు, టైము వెంటనే రాసిపెట్టుకోవాలి.

అరుపులకు భయపడి ఒక్క నిర్ణయం మార్చినా, ఆ తర్వాత ప్రతి పాయింటుకీ అరుస్తారు. అనుమానముంటే ముందే అంపైర్లిద్దరితో మాట్లాడి, ఆ తర్వాతే చేయి ఎత్తండి.

ఆఖరి ఐదు నిమిషాల్లో ఓడుతున్న జట్టు వైపు తాడు దగ్గర నలుగురు వాలంటీర్లను ఎక్కువ పెట్టించండి. ఆట ముగియగానే స్కోరు షీటు మీద కెప్టెన్ల సంతకాలు అక్కడే తీసుకోండి. గొడవ రిపోర్టు ఆ రాత్రే రాసి కమిటీకి ఇవ్వండి.