నా ఎనిమిది మీటర్ల కన్వేయరు, చక్రం కింద రాయి

నిన్న పొద్దుగూకినాక మిల్లు సేటు ఫోన్ చేసి "నడుస్తుంది, ఇగ నువ్వు రాకు" అన్నాడు. పదకొండు రోజులుగా ఈ ముక్క కోసమే తిరిగాను. ఒంటి మీద వడ్ల నూగు దురద ఇంకా పోలేదు, కోపమూ పోలేదు. రెండూ తగ్గకముందే రాసేస్తున్నా.

నాది మిర్యాలగూడలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గేట్లు, ట్రాలీ బాడీలు, మిల్లుల్లో ఎలివేటర్ రిపేర్లు. సాగర్ ఎడమ కాలువ పుణ్యమా అని ఊరి చుట్టూ రైస్ మిల్లులే కాబట్టి పనికి కొదువ లేదు. ఈ యాసంగికి ముందు ఒక సేటు పిలిచి అడిగాడు: యార్డులో ఆరబోసిన వడ్లు ఒకరోజు ట్రాక్టర్ ట్రాలీలోకి ఎత్తాలి, ఒకరోజు లారీలోకి. ఎత్తు మార్చుకునేట్టు, ఇద్దరు తోస్తే జరిగేట్టు, వడ్లను పైకి మోసే ఒక బెల్టు కన్వేయరు కావాలి. ఎనిమిది మీటర్లు దాటితే యార్డులో తిప్పే జాగా లేదు. చేస్తానన్నాను. డిప్లొమా మెకానికల్ చదివి ఇరవై రెండేళ్లయింది, అది ఇప్పటికైనా అక్కరకొస్తుందని సంబరం.

కాగితం మీద పని తేలిగ్గానే అయింది. తోక వైపు డ్రమ్ము నేల నుంచి 0.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లారీలో పొయ్యాలంటే తల వైపు 3.6 మీటర్లకు లేవాలి. ఎనిమిది మీటర్ల పొడవులో 3.2 మీటర్లు ఎక్కాలంటే వాలు దాదాపు 24 డిగ్రీలు. ట్రాలీకైతే 14 చాలు. నున్నటి బెల్టు మీద ఎండిన వడ్లు 18 డిగ్రీలు దాటితే వెనక్కి జారడం మొదలుపెడతాయి. అందుకని 500 మి.మీ. వెడల్పు షెవ్రాన్ బెల్టు తీసుకున్నా, దాని మీద వి ఆకారంలో రబ్బరు గట్లుంటాయి. సేటుకు చెప్పిన లెక్క గంటకు 30 టన్నులు. బెల్టు సెకనుకు మీటరు నడిస్తే మీటరుకు పడేది 8.3 కిలోలు. ఎనిమిది మీటర్ల మీద కలిపినా 67 కిలోలు, ఒక మనిషి బరువు. అంత సరుకును 3.2 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి 260 వాట్లే. హార్స్‌పవర్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగతాదంతా రోలర్ల రాపిడికి, తొట్టి దగ్గర ఒరుసుకునే రబ్బరుకు, సరుకు మీదుండగా స్టార్ట్ చేసినప్పుడు పడే బరువుకు, మన ఊళ్ల వోల్టేజీకి. అందుకే 3 హెచ్‌పీ మోటారు పెట్టా. "ఐదు పెట్టు, పది పెట్టు" అనే సలహాలు ఊరంతా ఇస్తారు, కరెంటు బిల్లు మాత్రం ఎవరూ కట్టరు.

ఈ 67 కిలోల లెక్కే నన్ను ముంచింది. ఇంత తక్కువ బరువుకు ఫ్రేముకు పెద్ద ఛానల్, అంటే సి ఆకారపు ఇనుప దూలం, ఎందుకు అనుకున్నా. 100 మి.మీ. సి-ఛానల్ మీటరుకు 9.5 కిలోలు, 75ది 7 కిలోలు. రెండు పక్కలా కలిపి 40 కిలోలు తగ్గుతుంది, ఇద్దరు సుఖంగా తోస్తారు. అడ్డపట్టీలు మీటరున్నరకు ఒకటి వేశా, ఒక మూల నుంచి ఎదురు మూలకు పోయే ఐమూల పట్టీలు అసలే వెయ్యలేదు. తేలిగ్గా చేశానని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నా కూడా.

మోటారు కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ పోయా. నా 200 మి.మీ. డ్రమ్ము నిమిషానికి 96 చుట్లు తిరగాలంటే 1440 ఆర్‌పీఎం మోటారుకు 1:15 గేరు కావాలి. ఆ కొట్టాయన చేతికిచ్చింది 1:10. అది బిగిస్తే బెల్టు సెకనుకు మీటరున్నర పరిగెత్తేది, నా లెక్కంతా తప్పేది. "అదీ ఇదీ ఒకటే, బేరం చూడు" అన్నాడు. మీరు పోయినప్పుడు బిల్లు చూడకండి, మోటారుకు, గేరుకు కొట్టిన నేమ్‌ప్లేట్లు చదవండి.

పోయే ముందు డ్రాయింగులు ఎవరికైనా చూపిద్దామని దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లా. ముప్పావుగంట బయట కూచోబెట్టి, లోపల "త్రీడీ మోడల్ ఏది? ఐఎస్ 11592 చూశారా?" అని రెండే ప్రశ్నలు వేశారు. బెల్టు కన్వేయర్ల డిజైనుకు మన దేశ ప్రమాణం అది. చూశాను, అందులోని లెక్కలు వేశాను, అన్నీ సరిపోయాయి. నా కాగితం తెరవకుండానే పక్కన పెట్టారు. తెరిచి ఐమూల పట్టీలెక్కడ అని ఒక్క మాట అడిగి ఉంటే నాకు నాలుగు రోజులు మిగిలేవి. మన దగ్గర చేతికి గ్రీజు అంటినోడికి పెళ్లి సంబంధం రాదు, గ్రీజు అంటనోడికి కుర్చీ వస్తుంది. సరే, పోనీయండి.

షెడ్డులో సిమెంటు గచ్చు మీద పెట్టి నాలుగు గంటలు తిప్పా. బెల్టు దారం పట్టినట్టు నడిచింది. వీడియో తీసి బంధువులందరికీ పంపా. ఆ వీడియో ఇప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే లేచి బయటికి పోతున్నా.

మర్నాడు ట్రాక్టరుకు తగిలించి పదకొండు కిలోమీటర్లు లాక్కుపోయాం. మిల్లులో కరెంటు ఇచ్చి స్విచ్చి వేస్తే బెల్టు వెనక్కి తిరిగింది. హమాలీలు పకపకా నవ్వారు. అది నా తప్పు కాదు. త్రీఫేజ్‌లో రెండు వైర్లు అటుదిటు అయితే మోటారు ఉల్టా తిరుగుతుంది, రెండు వైర్లు మార్చి కడితే అయిపోయింది. ఒకచోటి నుంచి ఒకచోటికి తిప్పే ఏ మెషీనుకైనా ఇది తప్పదు, నవ్వినా పట్టించుకోకండి.

అసలు పరువు పోయింది ఆ తర్వాతే. వడ్లు పోసిన మూడు నిమిషాలకు తోక దగ్గర బెల్టు కుడికి జరగడం మొదలైంది. ఇంకో రెండు నిమిషాల్లో ఛానల్‌ని ఒరుసుకుంటూ రబ్బరు కాలిన వాసన. పరుగెత్తి కుడి పక్క టేకప్ బోల్టు (డ్రమ్మును జరిపి బెల్టును లాగి పట్టేది) బిగించా. బెల్టు ఎటు పోతుంటే అటు బిగిస్తే మళ్లీ మధ్యకు వస్తుంది, ఇది మిల్లు ఫిట్టర్లందరికీ తెలిసిందే. వచ్చింది. సేటు వైపు చూసి నవ్వా కూడా. లారీ పక్కకు జరుగుతుందంటే కన్వేయర్ను పది అడుగులు తోశాం. ఈసారి ఎడమకు పోయింది. ఎడమ బిగించా. ఇంకో కుప్ప దగ్గరికి పోతే మళ్లీ కుడికి. అట్లా మూడు గంటలు రెండు బోల్టుల మధ్య కోతిలా గెంతా. బోల్టు మర అయిపోయిందే కానీ బెల్టు కుదురుకోలేదు. అంచు దారాలు బయటికొచ్చాయి, నలభై బస్తాల దాకా వడ్లు మట్టిపాలయ్యాయి. వాటిని తూర్పారబట్టిన ఆడకూలీల కూలి కూడా నా లెక్కలోనే రాశారు.

సేటు కుర్చీ వేయించుకుని చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. "ఇంజినీరూ, ఇంతసేపట్ల మా హమాలీల ముఠా రెండు లారీలు నింపేది" అన్నాడంతే. ముఠా పెద్దాయన వచ్చి "పోనీ తమ్మీ, మేం దింపుకుంటం లే" అని నా భుజం తట్టాడు. ఆయన గొంతులో జాలి ఎంతో, సంతోషం ఎంతో తేల్చుకోలేకపోయా. ఆయన్ని తప్పుపట్టను. బస్తాకింత అని కూలి తీసుకునే మనుషుల ముందు నేను వాళ్ల పని లాక్కునే మెషీను దించాను.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. తప్పు బెల్టు అతుకుదే అని తీర్మానించుకున్నా. అతుకు వంకరగా ఉంటే బెల్టు పక్కకు పోతుందన్నది నిజమే. తెల్లవార్లూ కోసి, మూలమట్టం పెట్టి చూసి, మళ్లీ అతికించాం. మనిషికి, కరెంటుకు, రబ్బరు ద్రావణానికి ఆరువేలు. మర్నాడు యార్డులో వేస్తే మళ్లీ అదే ఆట.

ఇక్కడ నన్ను నేనే తిట్టుకోవాలి. బెల్టు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలేది. బెల్టులో ఒకే ముక్క ఎక్కడికి పోయినా పక్కకు జరుగుతుంటే తప్పు బెల్టుది, అతుకుది. బెల్టు మొత్తం ఒకేచోటికి వచ్చినప్పుడు పక్కకు జరుగుతుంటే తప్పు ఫ్రేముది, రోలర్లది. పక్క మిల్లులో ఈ ముక్క నేనే ఒక ఫిట్టరుకు చెప్పా. నా మెషీను దగ్గరికొచ్చేసరికి కళ్లు పోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం బోల్టు తిప్పబోతుండగా బెల్టు తనంతట తానే మధ్యకు రావడం చూశా. నేను అప్పటికింకా చెయ్యి కూడా పెట్టలేదు. "ఎవడ్రా కదిపింది!" అని అరిచా. నా దగ్గర పనిచేసే పోరడు బిక్కమొహం వేసుకుని "నేను కాదన్నా, చక్రం ఉరుకుతుందని కింద రాయి పెట్టిన" అన్నాడు. రాయి తియ్యమన్నా, బెల్టు కుడికి పోయింది. పెట్టమన్నా, వచ్చింది. నాలుగుసార్లు పెట్టించి తీయించా. హమాలీలకు నాకు పిచ్చెక్కిందనిపించి ఉంటుంది.

షెడ్డులోది గచ్చు. యార్డులో సగం సిమెంటు, సగం మట్టి, మధ్యలో కాలువ మూతలు. నా కన్వేయర్కు రెండు చక్రాలు, తోక దగ్గర రెండు కాళ్లు, అంటే నేలకు నాలుగు చోట్ల ఆనుతుంది. ఒక చక్రం రెండంగుళాలు దిగబడితే 75 ఛానల్ ఫ్రేము మొత్తం మెలిక తిరుగుతుంది. ఛానల్ నిలువు బరువుకు గట్టిదే, మెలికకు మాత్రం పుల్ల. ఫ్రేము మెలిక పడితే తల డ్రమ్ము, తోక డ్రమ్ము ఒకదానికొకటి సమంగా ఉండవు, బెల్టు పల్లం వైపు జారిపోతుంది. జరిపిన ప్రతిసారీ నేల మారుతుంది, మెలిక మారుతుంది, బెల్టు కొత్త దిక్కు పడుతుంది. మూడు రోజులు నేను బిగించింది బోల్టు కాదు, యార్డు గుంతల్ని.

మా ఇంట్లో అమ్మ కూర్చునే ముక్కాలిపీట ఏ అరుగు మీద పెట్టినా ఊగదు. మూడు కాళ్లు ఎప్పుడూ నేలకానుతాయి, నాలుగు కాళ్లకే నేలతో పేచీ. షెడ్డుకు తెచ్చి తోక దగ్గర రెండు కాళ్లు కోసేసి, మధ్యలో ఒకే కాలు పెట్టి, అన్ని వైపులా తిరిగే కీలు బిగించా. రెండు చక్రాలు, ఒక కాలు. ఛానల్ కింద పొడవునా ఐమూల యాంగిళ్లు వేశా, మిగిల్చాననుకున్న 40 కిలోలూ తిరిగి చేరాయి, ఇంకో పదిహేను కూడా. ఒక చక్రానికి ఎత్తుతగ్గించే స్క్రూ పెట్టి, ఇరుసు మీద మేస్త్రి వాడే రసమట్టం అతికించా. తోక డ్రమ్ముకు లేతులో మధ్య 3 మి.మీ. పొంగు తీయించా, కొద్దిగా పక్కకు పోయినా బెల్టు దాని మీదికి తానే ఎక్కుతుంది. ఇప్పుడు ఇద్దరు తోస్తే జరగట్లేదు, ముగ్గురు కావాలి. సేటుకు ముందే చెప్పేశా.

ఇంకో సంగతి. గంటకు 30 టన్నులు అన్నానా, మొదటిరోజు కొలిస్తే ఎనిమిది తేలింది. బెల్టు తప్పేం లేదు, ఇద్దరు పారలతో పోసేది అంతే. తొట్టి పెద్దది చేసి, మిల్లు ట్రాక్టరు లోడరుతో పోయిస్తే 22 వచ్చింది. ఎవరైనా సామర్థ్యం చెప్తే, పోసేదెవరు అని అడగండి.

కన్వేయరు తలను ఎత్తే విన్చు తాడు మీదే మెషీను నిలబెట్టి కింద మనిషిని తిరగనివ్వకండి. ఎత్తాక పిన్ను దూర్చాలి. తోక డ్రమ్ముకు జాలీ వెయ్యకపోతే మెషీను ఇవ్వకండి. ఐదో రోజు ఒక హమాలీ భుజం మీది తువ్వాల కొస లోపలికి పోయింది. ఎర్ర స్విచ్చి పక్కనే ఉండబట్టి, పోరడు కొట్టబట్టి సరిపోయింది. జాలీ రేపు వేద్దాంలే అన్నది నేనే. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించా.

ముఠా వాళ్లు ఇప్పుడు తొట్టి దగ్గర ఇద్దరు, లారీలో చదును చేసేవాళ్లు నలుగురు. ముందు పద్నాలుగు మంది. మిగతా ఎనిమిది మంది ఎటు పోయారో నేనడగలేదు. పెద్దాయన చక్రం కింద స్క్రూ తిప్పడం నేర్చుకున్నాడు, రసమట్టంలో బుడగ మధ్యలో లేకపోతే స్విచ్చి వెయ్యనివ్వడు.

రాయి పెట్టిన పోరడికి ఐదు వందలిచ్చా. అరిచినందుకు ఏమీ అనలేదు, వాడూ అడగలేదు.

బేరం రెండు లక్షల నలభై వేలు. అందులో నలభై వేలు ఇంకా రావాలి. ఈ పొద్దున దాని గురించి ఫోన్ చేస్తే సేటు "బెల్టు సక్కగనే పోతుంది, ఫికరు పడకు" అన్నాడు.