300 వాట్ల ఊదా లైటు, మాడిన కూజా మొక్క: నా అనుభవం

ఈ ఉదయం వెంట్రాటా అనే కూజా మొక్క మీద ఒక కూజా మూత విచ్చుకుంది. గాజు తొట్టెలో పెట్టిన ఐదు నెలల్లో ఇదే మొదటిది. ఈలోగా రెండు లైట్లు పక్కన పడేశాను, రెండో దాని వల్ల నాలుగు మంచి ఆకులు పోయాయి. ఎక్కడ పొరపాటు జరిగిందో లెక్కలతో సహా గుర్తుండగానే రాస్తున్నాను. ఇలాంటి చిన్న తొట్టెలో నెపెంథిస్, అంటే కూజా మొక్కలు, పెంచాలనుకునేవాళ్ళకు ఆ నాలుగు ఆకులైనా మిగులుతాయి.

తొట్టె పని తేలిగ్గానే అయిపోయింది. అక్వేరియం షాపులో 5 మి.మీ. గాజుతో కట్టించాను: పొడవు 45 సెం.మీ., వెడల్పు 30, ఎత్తు 45. పైన రెండు ముక్కల గాజు మూత, వాటి మధ్య వేలు పట్టేంత సందు. లోపల మట్టి లేదు, స్ఫాగ్నమ్ అనే నాచు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు చెరిసగం. నీళ్ళు 50 పీపీఎం లోపు టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత) ఉన్నవే పోస్తాను. హైదరాబాదు బోరు నీళ్ళు వీటికి పనికిరావు, వాన నీళ్ళు దొరికితే అంతకంటే మంచివి లేవు. ఎరువు అసలు వద్దు.

మొక్కలు రెండు. ఒకటి వెంట్రాటా, ఫిలిప్పీన్స్‌లో పెరిగే వెంట్రికోసా, అలాటా జాతుల సంకరం, మొండిది. రెండోది ఆంపుల్లారియా, బోర్నియో, సుమత్రా ప్రాంతాల పల్లపు అడవుల్లో చెట్ల నీడన పెరిగేది. దాని కూజా మూత వెనక్కి తిరిగి ఉంటుంది, పై నుంచి రాలే ఆకులు నేరుగా లోపల పడతాయి. బోర్నియోలోని కినబాలు కొండ మీద పుట్టిన రాజా లాంటి చలి జాతుల జోలికి పోకండి. వాటికి ప్రతి రాత్రీ చల్లదనం కావాలి, మన ఏప్రిల్ రాత్రుల్లో ఏసీ లేకుండా అది కుదిరే పని కాదు.

మొక్క కొనే ముందు ఇంకో మాట. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఒక్కటే, మేఘాలయ కొండల్లోని ఖాసియానా. అక్కడి గారో తెగవాళ్ళు దాన్ని మెమాంగ్-కొక్సీ అంటారు, దెయ్యం బుట్ట అని అర్థం. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న మొక్క అది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. ఎవరైనా వేళ్ళకు కొండ మట్టితో, ముదురు కాండంతో, చవగ్గా అమ్ముతుంటే అది అడవిలోంచి తవ్వి తెచ్చిందేనని అనుమానించండి. టిష్యూ కల్చర్‌తో ల్యాబులో పెంచిన మొక్కో, కొమ్మ నాటి పెంచిందో అడిగి తీసుకోండి. సమాధానం చెప్పని మనిషి దగ్గర కొనవద్దు. అందమైన మొక్క మన ఇంట్లో ఉండటం కోసం అక్కడి కొండ ఖాళీ అవడం న్యాయం కాదు.

ఇక లైటు. కిటికీ ఎండే చాలు కదా అంటారు. మూత ఉన్న గాజు పెట్టె మీద నేరుగా ఎండ పడితే లోపలి వేడి అరగంటలో మొక్క తట్టుకోలేని స్థాయికి పోతుంది. కిటికీకి దూరంగా జరిపితే వెలుతురు చాలదు. కాబట్టి లైటు తప్పదు.

మొదట ఇంట్లో ఉన్న 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బే పెట్టాను, తెల్ల కాంతి, 900 ల్యూమెన్లు. బల్బు ఆకులకు 25 సెం.మీ. ఎత్తున ఉంది. ఒక చోట పడే వెలుతురును కొలిచే లక్స్ మీటరుతో చూస్తే సరిగ్గా బల్బు కింద 4,500, మూలల్లో 1,500. తెల్ల ఎల్‌ఈడీ అయితే లక్స్‌ను సుమారు 70తో భాగిస్తే మొక్కకు పనికొచ్చే కాంతి మైక్రోమోల్‌లలో వస్తుంది, అంటే ఒక చదరపు మీటరు మీద సెకనుకు పడేది. 4,500ని 70తో భాగిస్తే 64. రోజుకు 13 గంటలు వేస్తే మొత్తం 3 మోల్‌లు (పది లక్షల మైక్రోమోల్‌లు ఒక మోల్). మూలల్లో 1 మాత్రమే. రెండు నెలల్లో కొత్త ఆకులు మూడు వచ్చాయి, పొడుగ్గా, సన్నగా, ముదురాకుపచ్చగా. కొసన తీగ వచ్చింది కానీ దాని చివరి మొగ్గ, ఎదిగి కూజా కావాల్సింది, ఆవగింజంతే ఉండిపోయింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆకు ఇలా సాగిపోయి, కొస మొగ్గ పచ్చగా ఉండి కూడా ఎదగకపోతే వెలుతురు తక్కువైనట్టు. ఆకు పొట్టిగా, బలంగా ఉండి కొస మొగ్గ గోధుమరంగుకు తిరిగి ఎండిపోతే తేమ తక్కువైనట్టు. చాలామంది రెండో దానికి కూడా లైటు మారుస్తారు, ఫలితం ఉండదు.

ఇంతవరకు తెలిసిన విషయమే, వెలుతురు పెంచాలి. పెంచడానికి కొన్న లైటే నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టింది.

మొక్కల లైటు అని ఆన్‌లైన్‌లో అమ్మే ఎరుపు, నీలం ఎల్‌ఈడీల పలక అది. వెలిగిస్తే గదంతా ఊదా రంగు. డబ్బా మీద 300 వాట్లు అని పెద్ద అక్షరాలు. ప్లగ్గు దగ్గర కరెంటు వాడకం చూపే మీటరు పెట్టి చూస్తే 26 వాట్లు. ఒక్కో దీపానికి ఎన్ని వాట్లు తట్టుకునే శక్తి ఉందో దాన్ని దీపాల సంఖ్యతో గుణించి డబ్బా మీద అచ్చు వేస్తారు. నిజంగా అంత కరెంటు వాటికి ఇవ్వరు, ఇస్తే ఆ పల్చటి పలక నిమిషాల్లో కాలిపోతుంది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి ఆకుల దగ్గర ఎన్ని మైక్రోమోల్‌లు పడతాయని అడిగాను. "300 వాట్లు సార్, మీ చిన్న తొట్టెకు ఎక్కువే," అన్నాడు. 26 వాట్లే లాగుతోందని చెబితే, మీ మీటరు పాడైపోయింది, ముందు అది మార్చుకోండి అన్నాడు. తిరిగి తీసుకోవాలంటే లైటు వెలగకుండా ఉండాలట. వెలుగుతోంది కాబట్టి సరుకు మంచిదేనట. కొన్నవాడికి లెక్క అడిగే హక్కే లేదన్నట్టుంది ఆ మాట్లాడే తీరు. నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

అయితే ఆకులు మాడింది ఆ 26 వాట్ల వల్ల కాదు, నా కొలత వల్ల. పలకను ఆకులకు 20 సెం.మీ. ఎత్తున వేలాడదీసి లక్స్ మీటరు పెడితే 1,800 చూపింది. అలవాటుగా 70తో భాగించాను, 26 మైక్రోమోల్‌లు. బల్బు ఇచ్చిన దాంట్లో సగం కూడా లేదు! కంటికీ మసకగానే ఉంది. కన్నూ మీటరూ ఒకే మాట చెబుతున్నాయి కదా అని పలకను 10 సెం.మీ.కు దించాను.

ఐదో రోజుకు వెంట్రాటా పై ఆకులు తెల్లబారాయి. ఎనిమిదో రోజుకు అంచులు గోధుమరంగులో కరకరలాడాయి. వెలుతురు చాలక ఆకు పాలిపోవడం ఇలా ఉండదు, అది కింది ముదురాకుల నుంచి నెమ్మదిగా వస్తుంది. ఇది లైటుకు ఎదురుగా ఉన్న ముఖం మీదే, పై ఆకుల మీదే. కింద నీడ పడిన భాగం పచ్చగానే ఉంది. అంటే కాంతి ఎక్కువైంది. మీటరు చూస్తే తక్కువంటోంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయో రెండు వారాలు అర్థం కాలేదు. నీళ్ళు అనుమానించి టీడీఎస్ చూశాను, 30. నాచు మార్చాను. వేడి అనుమానించి లోపల థర్మామీటరు పెట్టాను, 30 డిగ్రీలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అసలు విషయం లక్స్ అనే కొలతలోనే ఉంది. లక్స్ మీటరును మనిషి కన్ను చూసినట్టు చూసేలా తయారుచేస్తారు. మన కంటికి 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చలో, చూపు అన్నిటికంటే ఎక్కువ. అక్కడ 100 అనుకుంటే 450 దగ్గరి నీలానికి 4, 660 దగ్గరి ఎరుపుకు 6. ఊదా పలకలో ఉన్నవి సరిగ్గా ఆ రెండు రంగులే. మొక్క మాత్రం 400 నుంచి 700 నానోమీటర్ల దాకా అంతా వాడుకుంటుంది, ఆ రెండు రంగులంటే దానికి మరీ ఇష్టం. అందుకే తెల్ల ఎల్‌ఈడీకి ఒక మైక్రోమోల్ సుమారు 70 లక్స్‌గా కనిపిస్తే, ఆ ఎరుపు, నీలాలకు ఒక మైక్రోమోల్ 7 లక్స్ చిల్లరే. 1,800ని 70తో కాదు, ఏడున్నరతో భాగించాలి. అప్పుడు 26 కాదు, 240. పలక 20 సెం.మీ. ఎత్తున ఉన్నప్పుడే బల్బుకు దాదాపు నాలుగింతలు పడుతోంది. 64కు అలవాటుపడిన ఆకు మీదికి నేను దాన్ని ఇంకా దించాను. మాడక ఏమవుతుంది?

కాబట్టి ఊదా లైటు కింద లక్స్ మీటరును, మీ కన్నును, రెండింటినీ నమ్మవద్దు. 70తో భాగించే లెక్క తెల్ల ఎల్‌ఈడీకే. సూర్యకాంతికి అది 54. అసలు మొక్కల కాంతి కొలిచే మీటరు చాలా ఖరీదు, రెండు మొక్కల కోసం కొనలేం. అందుకని తెల్ల లైటే పెట్టుకుంటే చవకైన లక్స్ మీటరుతో పని జరిగిపోతుంది. ఇంకో లాభం, తెల్ల కాంతిలో ఆకు అసలు రంగు కనిపిస్తుంది. ఊదా కాంతిలో ఆకు నల్లగా ఉంటుంది, పాలిపోవడం మొదలైనా లైటు ఆర్పేదాకా తెలియదు. నేను ఐదు రోజులు ఆలస్యంగా చూడడానికి కారణం అదే. సెల్‌ఫోన్ యాప్‌లో లక్స్ చూడవచ్చు కదా అంటే, ఫోన్‌ను బట్టి, పట్టుకునే వాలును బట్టి అంకె మారిపోతుంది. ఈ మూల కంటే ఆ మూల ఎక్కువా తక్కువా అని పోల్చడానికే పనికొస్తుంది.

మూడోసారి వీధిలోని ఎలక్ట్రికల్ షాపులో అడుగు పొడవున్న 5 వాట్ల ఎల్‌ఈడీ బాటన్లు (సన్నటి పట్టీ లైట్లు) నాలుగు కొన్నాను, 6,500 కెల్విన్ తెలుపు (కెల్విన్ అంటే కాంతి రంగు చెప్పే అంకె). 4,000 కెల్విన్ దొరికినా సరిపోతుంది, మొక్కకు పెద్ద తేడా ఉండదు. తొట్టె వెడల్పు 30 సెం.మీ. కాబట్టి వాటిని అడ్డంగా, ముందు నుంచి వెనక్కి, 11 సెం.మీ. ఎడంతో ప్లైవుడ్ ముక్కకు బిగించాను. రెండు అడుగుల బాటన్లు పొడవునా పెడితే రెండు వైపులా ఏడెనిమిది సెంటీమీటర్ల కాంతి తొట్టె బయట పడి వృథా అవుతుంది. ఆ ప్లైవుడ్ గాజు మూతకు 3 సెం.మీ. ఎత్తులో, చిన్న కొయ్య దిమ్మల మీద నిలుస్తుంది. బాటన్లు లోపల పెట్టవద్దు. ఇవి తడికి తట్టుకునే రకం కాదు, పైగా వాటి వేడి తొట్టెలోకే వెళ్తుంది. వైరు ప్లగ్గుకు వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరిగి ఉండాలి, మూత మీద నీళ్ళు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి.

వెనక, పక్క గాజులకు బయటి నుంచి తెల్ల ఛార్టు అంటించాను. అది లేకుండా మూలల్లో 4,800 లక్స్, అంటించాక 6,200. ఇంత చవగ్గా ఇంత వెలుతురు ఇచ్చే పని ఇంకోటి లేదు. ఆకుల ఎత్తున తొమ్మిది చోట్ల కొలిచాను: మధ్యలో 10,400, అంటే 149 మైక్రోమోల్‌లు, 13 గంటలకు 7 మోల్‌లు. మూలల్లో 89, రోజుకు 4 చిల్లర. కొలిచేటప్పుడు మూత వేసే ఉంచండి. శుభ్రమైన గాజే పదో వంతు కాంతి తినేస్తుంది, అడుగు వైపు నీటి చుక్కలు పట్టి పాచి మరకలు కడితే ఇంకా ఎక్కువ.

మాడిన మొక్క కదా, నాలుగూ ఒకేసారి వెలిగించలేదు. మొదటి పది రోజులు రెండు, తర్వాతి పది రోజులు మూడు, ఆపైన నాలుగు. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, దాన్ని చూసి కంగారుపడవద్దు, పూర్తిగా ఎండేదాకా కోయవద్దు. చూడాల్సింది కొత్త ఆకునే. మూడో వారంలో వచ్చినది పాత వాటికంటే పొట్టి, వెడల్పు, మధ్య ఈనె మీద లేత ఎరుపు. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం, కాంతి సరిపోతోందని గుర్తు. ఆకంతా ఎర్రబడి గట్టిపడితే ఎక్కువైనట్టు, అప్పుడు ఒక బాటన్ ఆర్పేయాలి.

టైమరు సంగతి మరవవద్దు. చక్రం తిరిగే రకం కొంటే కరెంటు పోయినంతసేపూ అది కూడా ఆగిపోతుంది. నాది పది రోజుల్లో మూడు గంటలు వెనకబడి, రాత్రి తొమ్మిదికి ఆర్పుతోంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి. ఉదయం 5కు వెలిగి సాయంత్రం 6కు ఆరేలా పెట్టాను. ఏప్రిల్, మేలలో ఒక గంట తగ్గించి 5కే ఆర్పేస్తాను. కరెంటు రోజుకు పావు యూనిట్, నెలకు 8 యూనిట్లు, దానికి భయపడాల్సిన పని లేదు.

ఇంకా తీరని సమస్య ఒకటుంది. వెలుతురు పెరిగాక స్ఫాగ్నమ్ మీద పచ్చని పాచి పట్టింది. పై పొరను కాస్త ఆరనిచ్చి, నీళ్ళు కింది ట్రే నుంచే ఇస్తున్నాను. పాచి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ప్రస్తుతం వెంట్రాటా మధ్యలో, తిరగేసిన చిన్న కుండీ మీద ఉంది. ఆంపుల్లారియా నీడ మొక్క కాబట్టి 6,200 పడే ఎడమ మూలలో ఉంది. దాని కొత్త ఆకు కొసన మొగ్గ నిన్న కొలిస్తే 8 మి.మీ., కిందికి వంగి కొస పైకి తిరుగుతోంది.